క్యూసెక్కులు, టీఎంసీలు, ఒక వెబ్‌సైటు

ప్రకాశం బ్యారేజీకి కుడి గట్టున, సీతానగరం దగ్గర గేట్లెత్తి పశ్చిమ డెల్టాకు నీళ్ళు వదిలారన్న కబురు రాగానే తెనాలి, చుండూరు, బాపట్ల, రేపల్లె వైపు రైతు రెండు ప్రశ్నలు అడుగుతాడు. ఎన్ని క్యూసెక్కులు వదిలారు? ఎన్నాళ్ళు వదులుతారు? మొదటిది కాలవ ఈ క్షణాన ఎంత జోరుగా పారుతోందో చెబుతుంది. దానికి రెండోది కలిస్తే గాని పొలానికి మొత్తం ఎన్ని నీళ్ళు చేరతాయో తేలదు. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయినప్పటినుంచి ఈ లెక్క ఇక్కడ నోటి మీదే నడుస్తోంది. వెబ్‌సైటుకు ఎంత బ్యాండ్‌విడ్త్ కావాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ లెక్కలోనే ఉంది. ఇంజినీరింగ్ చదివినవాళ్ళు తడబడే చోట డెల్టా రైతు తడబడడని నా నమ్మకం. అందుకే ఈ అధ్యాయాన్ని కాలవ గట్టు మీదనుంచి మొదలుపెడుతున్నాను.

సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు పారితే అది ఒక క్యూసెక్కు. వంద కోట్ల ఘనపుటడుగుల నీరు ఒక టీఎంసీ. క్యూసెక్కు వేగానికి కొలత, టీఎంసీ రాశికి కొలత. రెంటినీ కలిపే అంకె నీటిపారుదల శాఖలో పనిచేసే ఎవరినడిగినా చెబుతారు: 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఇంకా చిన్నగా చూడాలంటే, ఒక్క క్యూసెక్కు ఇరవైనాలుగు గంటలు పారితే రెండెకరాల మీద అడుగు లోతున నీళ్ళు నిలుస్తాయి.

ఇంటర్నెట్‌లో వేగానికి కొలత సెకనుకు ఇన్ని మెగాబిట్లని, రాశికి కొలత ఇన్ని గిగాబైట్లని. చిక్కంతా పేర్ల దగ్గర వచ్చింది. బ్యాండ్‌విడ్త్ అన్నది అసలు వేగానికి పేరు, అంటే క్యూసెక్కు. కాని వెబ్‌సైటుకు చోటు అద్దెకిచ్చే కంపెనీలు ‘నెలకు వంద జీబీ బ్యాండ్‌విడ్త్’ అని ప్రకటిస్తాయి. వాళ్ళు చెబుతున్నది టీఎంసీ. కాలవ వెడల్పు అడిగినవాడికి చెరువు లోతు చెప్పినట్టుంటుంది. దీని మీద బిట్టుకూ బైటుకూ ఉన్న తేడా ఇంకో పొర. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. ఇంటికి వంద మెగాబిట్ల కనెక్షను ఉందంటే, అంతా సవ్యంగా ఉన్నా సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లకు మించి రావు.

ఇక్కడా 11,574 లాంటి అంకె ఒకటుంది. సెకనుకు ఒక మెగాబిట్టు చొప్పున ముప్పై రోజులు ఆగకుండా పారితే 324 గిగాబైట్లవుతుంది. ముప్పై రోజులంటే 25 లక్షల 92 వేల సెకన్లు; దాన్ని ఎనిమిదితో భాగిస్తే 3,24,000 మెగాబైట్లు. ఈ 324ని గుర్తుపెట్టుకుంటే హోస్టింగ్ ప్రకటనల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి.

నా మొదటి సైటు పెట్టేనాటికి నాకీ అంకె తెలియదు. కొద్దిపాటి సాహిత్యం, కొన్ని పాత ఫోటోలు పెట్టిన చిన్న సైటది. ఒక నెల పంతొమ్మిదో తేదీ సాయంత్రం పేజీ తెరిస్తే, బ్యాండ్‌విడ్త్ పరిమితి దాటిపోయిందంటూ 509 అంకెతో తెల్లటి తెర వచ్చింది. ఆ నెల మిగతా పదకొండు రోజులూ ఎవరికీ ఏదీ కనబడలేదు. ఫోనులో తీసిన ఫోటోలను తీసినవి తీసినట్టే పెట్టడం కారణమని తెలిసేసరికి నెల మారింది. చదవడానికి వచ్చి తిరిగిపోయినవాళ్ళెందరో నాకెప్పటికీ తెలియదు. ఆ బాధే నాకీ లెక్క నేర్పింది.

లెక్క చేయడానికి ఒక సైటు కావాలి. ఊహకే అయినా అవసరమున్న సైటయితే బాగుంటుంది. నేను చుండూరునే తీసుకుంటాను.

తెనాలి దాటాక మద్రాసు వైపు రైలు మార్గంలో వచ్చే ఊరది. 2022లో జిల్లాలు మారినప్పుడు గుంటూరునుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిదిమంది దళితులను చంపారు. విచారణకు ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, మరో 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు వాటిని కొట్టేసింది. ఈ మొత్తానికి సంబంధించిన కాగితాలు, అంటే తీర్పులు, వాటి తెలుగు అనువాదాలు, నిజనిర్ధారణ నివేదికలు, ఆనాటి పత్రికల కత్తిరింపులు, సభల కరపత్రాలు, అన్నీ ఒకచోట ఎవరికైనా దొరికేలా ఒక సైటు పెడదామనుకుందాం. చనిపోయినవారిని తలుచుకోవడానికి ఏటా ఆగస్టు 6న జనం చేరతారు. ఆ రోజున పనిచేయకపోతే ఆ సైటు ఎందుకున్నట్టు?

ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఈ ఊరి విషయంలో కాలవ పోలికను ఎవరూ తేలిగ్గా వాడలేరు. ఆనాడు చంపినవారి శవాలను గోనెసంచుల్లో కట్టి పడేసింది ఈ కాలవల్లోనే, ఈ మురుగు కాలవల్లోనే. అది మరచి నేను క్యూసెక్కుల మాట ఎత్తలేదు.

అన్నిటికన్నా ముందు పేజీ బరువు చూడాలి. తెలుగు అక్షరాలు కంప్యూటరులో ఎక్కువ చోటు తీసుకుంటాయని తరచూ వింటుంటాం. నిజమే. యూనికోడ్‌లో మన లిపికి కేటాయించిన గడుల్లో ఒక్కోదాన్ని వెబ్‌లో వాడే పద్ధతిలో రాస్తే మూడేసి బైట్లు పడుతుంది. ‘చుండూరు’ రాయాలంటే చ, కొమ్ము, సున్న, డ, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము, మొత్తం ఏడు గుర్తులు, ఇరవైయొక్క బైట్లు. ఇంగ్లీషులో Tsundur అని రాసినా ఏడక్షరాలే, అక్కడ ఏడు బైట్లతో సరిపోతుంది. ఈ మూడింతల బరువు చూసి భయపడి, తెలుగును బొమ్మగా మార్చి పేజీలో అతికించినవాళ్ళను నేనెరుగుదును. వాళ్ళు దూదిబస్తా బరువని ఇనపగుండు ఎత్తుకున్నారు.

ఎలాగంటారా? నిండుగా రాసిన తెలుగు పేజీలో రెండు వేల గుర్తులుంటాయనుకుంటే ఆరు కిలోబైట్లు. ఫోను కెమెరాతో తీసిన మామూలు ఫోటో మూడున్నర మెగాబైట్లు ఎక్కడికీ పోదు. అంటే ఒక్క ఫోటో దాదాపు ఆరు వందల పేజీల తెలుగు పుస్తకమంత బరువు. పైగా అక్షరాలను పంపేముందు సర్వరు వాటిని కుదిస్తుంది. తెలుగు గుర్తుల మూడేసి బైట్లలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోదానికి రెండే రూపాలు. మళ్ళీమళ్ళీ వచ్చేదాన్ని ఒక్కసారి చెప్పి ఊరుకోవడమే కుదింపు విద్య కనక, మనకు అదనంగా పడ్డ బరువులో చాలాభాగం దారిలోనే కరిగిపోతుంది. కుదించాక మూలంలో అయిదో వంతుకు అటూ ఇటూగా దిగుతుంది. తెలుగు బరువైన భాష కాదని చెప్పడానికి నాకింతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అసలు బరువు బొమ్మల్లో, ఫాంట్లలో, ఎక్కడెక్కడినుంచో తెచ్చి అతికించిన కోడులో ఉంటుంది. ఇప్పుడు ప్రపంచంలో సగటున ఒక వెబ్‌పేజీ రెండు మెగాబైట్లు దాటిపోయింది. మన సైటును అంత లావెక్కనివ్వం. మొదటి పేజీకి అక్షరాలు, తెలుగు ఫాంటు, నాలుగైదు చిన్నచేసిన ఫోటోలు కలిపి 600 కిలోబైట్లు అనుకుందాం. ఫాంటు ఒకసారి దిగితే చదువరి ఫోనులోనే ఉండిపోతుంది కనక, తరవాతి పేజీలకు 150 చొప్పున చాలు. మనిషి నాలుగు పేజీలు చూస్తే వెయ్యీ యాభై కిలోబైట్లు. లెక్కకు అనువుగా మనిషికో మెగాబైటు. రోజుకు 200 మంది వస్తే 200 మెగాబైట్లు, నెలకు ఆరు గిగాబైట్లు. అతి చవకైన ప్లానులో కూడా ఇది ఒక మూలన సర్దుకుంటుంది.

ఇక్కడితో ఆగిపోయే అంచనాలే ఎక్కువ. కాని కాగితాల సంగతి ఇంకా రాలేదు. మన సైటుకు ప్రాణం అవే.

250 పేజీల సంకలనం ఒకటి స్కాన్ చేసి పెట్టామనుకుందాం. ఏ4 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున స్కాన్ చేస్తే అడ్డంగా 2,480, నిలువుగా 3,508 చుక్కలు, మొత్తం 87 లక్షలు. రంగుల్లో అయితే ఒక్కో చుక్కకు మూడు బైట్లు, పేజీకి 26 మెగాబైట్లు. మామూలు కుదింపు తరవాత పేజీకి ఒక మెగాబైటుకు దించినా పుస్తకం 250 మెగాబైట్లు. అదే నలుపుతెలుపులో, చుక్కకు ఒక్క బిట్టు చొప్పున తీసి, ఫ్యాక్సు యంత్రాల కాలంనుంచి ఉన్న కుదింపు పద్ధతి వాడితే పేజీ యాభై కిలోబైట్లు, పుస్తకం పన్నెండున్నర మెగాబైట్లు. ఎవరైనా కూచుని అక్షరమక్షరం టైపు చేస్తే ఒకటిన్నర మెగాబైట్లు, కుదించాక 300 కిలోబైట్లు.

వచ్చినవారిలో పదోవంతు మంది, అంటే రోజుకు ఇరవైమంది, ఈ పుస్తకం దించుకున్నారనుకోండి. రంగుల స్కానయితే రోజుకు అయిదు గిగాబైట్లు, నెలకు 150. నలుపుతెలుపయితే నెలకు ఏడున్నర. టైపు చేసిందయితే నెలకు 180 మెగాబైట్లు, లెక్కలో కనబడనే కనబడదు. సైటు మొత్తం ఆరు గిగాబైట్లయితే ఒక్క కాగితపు కట్ట దానికి పాతికరెట్లు తాగేస్తోంది. కాబట్టి అంచనా వేసేవాళ్ళు పేజీల వెంటపడకుండా ముందు ఆ సైటులో అన్నిటికన్నా బరువైన వస్తువేదో, దాన్ని ఎంతమంది ముట్టుకుంటారో చూడాలి. వరిపొలాల మధ్య చేపల చెరువొకటి తవ్వితే ఆ కాలవకింద నీటి లెక్క ఎలా తలకిందులవుతుందో మనవైపు వారికి వేరే చెప్పక్కర్లేదు.

రంగు స్కాన్లు అనవసరమని కాదు. పత్రంగా భద్రపరచడానికి అవి ఉండితీరాలి, ఒక తీర్పు కాగితం మీది ముద్ర, చేతిరాత, మరక కూడా చరిత్రే. వాటిని అడిగినవారికి విడిగా ఇచ్చి, చదువుకోవడానికి తేలికైన ప్రతిని ముందు పెట్టడం మేలు.

ఇంతదాకా టీఎంసీల లెక్క. ఇక క్యూసెక్కులు.

నెలకు ఆరు గిగాబైట్లను ముప్పై రోజుల మీద సమంగా పరిస్తే సెకనుకు పద్దెనిమిదిన్నర కిలోబిట్లు. పాతకాలపు టెలిఫోను మోడెము కూడా దాన్ని మోయగలదు. కాని జనం సమంగా రారు. నారుమళ్ళకు నీళ్ళు అందరికీ ఒకేసారి కావాలి. కాలవను ఏడాది సగటుకు తవ్వితే నాట్ల వేళకు రేపల్లె, నిజాంపట్నం చివరి భూములకు తడి కూడా చేరదు. డెన్మార్కు దేశపు గణితవేత్త ఎర్లాంగ్, కోపెన్‌హాగన్ టెలిఫోను కంపెనీలో పనిచేస్తూ, 1909లో ఈ సమస్య మీదే వ్యాసం ప్రచురించాడు. ఎన్ని తీగలు వేయాలన్నది రోజు సగటు చూసి తేల్చలేమనీ, ఫోన్లు గుప్పుమనే గంటను చూసి లెక్కగట్టాలనీ టెలిఫోను ఇంజినీర్లకు దారి ఏర్పడింది. నూరేళ్ళు దాటినా ఆ మాట మారలేదు.

మన సైటుకు ఆ గంట ఆగస్టు 6న వస్తుంది. ఏదో పత్రిక వ్యాసంలోనో, వాట్సాప్‌లోనో దాని లంకె తిరిగిందనుకుందాం. ఆ రోజు 20 వేలమంది వచ్చారు, సగంమంది సాయంత్రం రెండు గంటల్లోనే వచ్చారు. పదివేలమంది, మనిషికో మెగాబైటు, 7,200 సెకన్లు. సెకనుకు 1.4 మెగాబైట్లు, అంటే పదకొండు మెగాబిట్లు. ఆ రెండు గంటల్లో కూడా ఒక నిమిషంలా ఇంకో నిమిషం ఉండదు కనక మూడింతలు వేసుకుంటే 33. నెల సగటుకు ఇది సుమారు 1,800 రెట్లు. ఈ సంఖ్యను నేను రెండుసార్లు వేసి చూసుకున్నాను, ఎందుకంటే మొదటిసారి నాకే నమ్మకం కలగలేదు.

ఆ పదివేలమందిలో పదోవంతు పుస్తకం కోసం చెయ్యి చాపితే? రంగుల స్కానయితే వెయ్యిమందికి 250 గిగాబైట్లు, సెకనుకు 278 మెగాబిట్లు, ఒక్క ఆ పుస్తకానికే. నలుపుతెలుపయితే పద్నాలుగు. సర్వరుకున్న తూము వంద మెగాబిట్లదయితే మొదటి సందర్భంలో అది నిండి, పుస్తకం అడిగినవాళ్ళతోపాటు ఊరికే మొదటి పేజీ చూడవచ్చినవాళ్ళు కూడా తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ కూర్చుంటారు. ‘అన్‌లిమిటెడ్ బ్యాండ్‌విడ్త్’ అన్న ప్రకటన ఇక్కడ ఆదుకోదు. నెలలో ఎన్ని నీళ్ళయినా వాడుకోమన్నారు కాని, తూము సైజు మార్చలేదు.

ఇలాంటి గుప్పు మన రాష్ట్రంలో అందరూ చూసేది పదో తరగతి ఫలితాల రోజున. ఏటా ఆరు లక్షల పైచిలుకు పిల్లలు. పిల్లవాడొకసారి, తండ్రి ఒకసారి, హైదరాబాదునుంచి మేనమామ ఒకసారి, బడివాళ్ళొకసారి, పిల్లకు నాలుగుసార్లనుకున్నా 24 లక్షలు. సగం మొదటి పది నిమిషాల్లోనే వస్తాయనుకుంటే సెకనుకు రెండువేల అడగటాలు. మార్కుల పేజీ ఇరవై కిలోబైట్లయితే 320 మెగాబిట్లతో గట్టెక్కుతుంది. అదే పేజీకి ప్రకటనలూ ఫోటోలూ తగిలించి ఒక మెగాబైటు చేస్తే పదహారు వేల మెగాబిట్లు కావాలి. అంత చేసినా, ఆ రోజు సైట్లు మొరాయించడానికి చాలాసార్లు కారణం దారి ఇరుకు కాదు, ఆ చివర నంబరు చూసి మార్కులు వెతికిపెట్టే డేటాబేసు ఒక్కొక్కరికి ఒక్కొక్కసారి వెతకలేక అలిసిపోవడం. కాలవ నిండా నీళ్ళున్నా లాకు తీసే మనిషి ఒక్కడే అయితే పడవలు నిలిచిపోతాయి. బ్యాండ్‌విడ్త్ పెంచితే ఈ జబ్బు తగ్గదు. 2025 ఏప్రిల్ 23న ఫలితాలను ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ ద్వారా కూడా ఇచ్చారు. ఒకే గుమ్మం ముందు తోపులాట తగ్గించడానికి అది సరైన దారి.

ఇంకో దారి డెల్టాలో తరతరాలుగా ఉంది. వేసవిలో కాలవలు కట్టేసేముందు ప్రతి ఊరూ మంచినీళ్ళ చెరువు నింపుకుంటుంది. కాలవనుంచి ఒక్కసారి తెచ్చుకున్న నీళ్ళను ఊరంతా రెండు నెలలు ముంచుకు తాగుతుంది. ఒక్కో బిందె కోసం బ్యారేజీ దాకా ఎవరూ పోరు. వెబ్‌లో సీడీఎన్ అన్నది అదే. పేజీల, ఫోటోల నకళ్ళు ముంబయిలో, చెన్నైలో, అమెరికాలో, ఎక్కడ చదువరులుంటే అక్కడి యంత్రాల్లో నిలవ ఉంటాయి. అసలు సర్వరు ఒక్కొక్కదానికి ఒక్కసారి నింపితే చాలు. మారని కాగితాలతో నిండిన మన సైటుకు ఇంతకన్నా తగిన ఏర్పాటు లేదు. 33 మెగాబిట్లలో పదింట తొమ్మిది పాళ్ళు ఆ చెరువులే మోస్తాయి. చిన్న సైట్లకు ఇది డబ్బు లేకుండా దొరుకుతుంది కూడా. మార్కుల పేజీలా మనిషికొకటిగా మారేవాటికి మాత్రం అంత పనికిరాదు.

కాలవ లెక్కలో ఇంజినీర్లు దారినష్టాలు కలుపుతారు, నేల పీల్చేది, ఎండకు ఆవిరయ్యేది. సైటు లెక్కలో ఆ నష్టం మరమనుషులది. వెతుకులాట యంత్రాలు, కృత్రిమ మేధకు పాఠాలు పోగుచేసే యంత్రాలు పగలూ రాత్రీ పేజీలు తిరగేస్తుంటాయి. వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ, 2024 జనవరినుంచి తమ బొమ్మలు, వీడియోల దిగుమతికి అయ్యే బ్యాండ్‌విడ్త్ యాభై శాతం పెరిగిందనీ, ఆ పెరుగుదల ఎక్కువగా ఇలాంటి యంత్రాల వల్లేననీ 2025లో ప్రకటించింది. 2003 డిసెంబరులో మొదలై ఔత్సాహికుల చేతుల్లో పెరిగిన మన తెలుగు వికీపీడియా కూడా ఆ గొడుగు కిందిదే. అంత పెద్ద సంస్థకే ఈ బెడద తప్పనప్పుడు మనం మనుషుల లెక్కకు ఇంకో సగం కలుపుకోవడం అతి జాగ్రత్త కాదు.

అన్నీ కూడితే చుండూరు సైటుకు నా అంచనా ఇది: మామూలు నెలకు పేజీలకు ఆరు, నలుపుతెలుపు పుస్తకానికి ఏడున్నర, యంత్రాలకు ఇంకో ఏడు, వెరసి సుమారు ఇరవై గిగాబైట్లు. ఆగస్టులో ఆ ఒక్క రోజుకు 20 వేలమందికి ఇరవై, వారిలో పదోవంతు దించుకునే పుస్తకానికి పాతిక, కలిపి నలభైఅయిదు. కాబట్టి నెలకు వంద గిగాబైట్ల ప్లాను, వంద మెగాబిట్లకు తగ్గని తూము, ముందు ఒక సీడీఎన్. మొదటి ఏడాది ఇది ఊహ. రెండో ఏడాదికి సర్వరు రాసుకున్న చిట్టాలు ఉంటాయి. జులైలో వాటిని ముందేసుకుని ఎవరెప్పుడు వచ్చారో, ఏది ఎక్కువ మోసుకెళ్ళారో చూసి అంకెలు దిద్దుకోవాలి.

ఇంతా మనం కాలవ తల దగ్గర నిలబడి వేసిన లెక్క. చివరి భూమిలో నిలబడి కూడా ఒకసారి వేయాలి. మన దేశంలో చాలా ప్రీపెయిడ్ ప్లాన్లలో రోజువారీ కోటా అయిపోయాక ఫోను వేగం సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోతుంది. ఆగస్టు 6 రాత్రి, కోటా అయిపోయిన ఫోనుతో, చుండూరు దళితవాడలోనే ఒక పిల్ల తన ఊరి గురించి ఆ పుస్తకం చదవాలనుకుంది. రంగుల స్కాను పెట్టి ఉంటే అది పూర్తిగా దిగడానికి ఎనిమిది గంటల నలభై నిమిషాలు పడుతుంది. నలుపుతెలుపయితే ఇరవైయారు నిమిషాలు. ఎవరైనా ఓపికపట్టి టైపు చేసి ఉంటే ముప్పైఎనిమిది సెకన్లు.